మూడోసారి నొక్కని చెయ్యి

మా హగొనోయ్ ఊళ్లో చేపల చెరువుల వెంట మా అత్త లియోన్సియా చేతికున్నంత పేరు మా చర్చి ఫాదరుకు కూడా లేదు. ముప్ఫై ఏళ్లుగా కాన్పులు చేస్తోంది. కడుపులో ఎదురుకాళ్లతో ఉన్న బిడ్డల్ని కొబ్బరినూనె చేత్తో మెల్లగా సవరించి తల కిందికి తెచ్చిన మనిషి. అలాంటిది సొంత కోడలి కడుపులో బిడ్డే ఆమె మాట వినలేదు. ఆ కోడల్ని నేనే.

తొమ్మిదో నెల వచ్చినా బిడ్డ తల నా పక్కటెముకల కిందే తగులుతోంది. అత్త రెండుసార్లు తిప్పబోయింది. సగం దాకా వచ్చి మళ్లీ వెనక్కి పోయింది. నేను గుమ్మంలో అడ్డంగా కూర్చోబట్టే ఇలా అయిందని పక్కింటి బెబాంగ్ దెప్పింది. అక్కడితో ఊరుకుంటే బెబాంగ్ ఎందుకవుతుంది?

"ఊరందరి బిడ్డల్నీ తిప్పావు, ఇంట్లో పిల్ల దగ్గరికొచ్చేసరికి చేతిలో బలం పోయిందా వదినా? ఇంకోసారి గట్టిగా నొక్కు," అంది.

అత్తకు రోషం ఎక్కువ. ఆ మాటకు నొక్కేస్తుందేమోనని నాకు భయమేసింది. ఆమె నా పొట్టమీద చెయ్యి ఆనించి చాలాసేపు కదలకుండా కూర్చుంది. తర్వాత నూనె సీసాకు మూత పెట్టేసింది.

"రెండుసార్లూ ఒకే చోట ఆగిందమ్మా. అది మొండితనం కాదు, లోపల దానికి చోటు లేదు. నా పేరు కోసం నొక్కితే పిల్ల దక్కదు. పద, ఆసుపత్రికి పోదాం."

ఆపరేషన్ చేశారు. నా గర్భసంచి మధ్యలో గోడలా ఒక పొర ఉందట. తిరిగే వీలు లేక బిడ్డ అలాగే కూర్చుండిపోయిందని, మళ్లీ నొక్కకపోవడమే మేలైందని డాక్టరమ్మ చెప్పింది. అత్త అంతా విని, ముందు ఏం బయటికొచ్చిందని అడిగింది. కాళ్లేనని తెలిశాక ఆమె ముఖం చూడాలి! ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు నిమిరితే గొంతులో ఇరుక్కున్న చేపముల్లు దిగుతుందని మావాళ్ల నమ్మకం. కోసి తీసిన పిల్లకు ఆ గుణం రాదని బెబాంగ్ తీర్పు చెప్పేసింది.

నెల తిరక్కుండా, ఒళ్లంతా ముళ్లుండే బంగుస్ చేప పులుసు తిన్న ఆ బెబాంగే, ముల్లు గుచ్చుకున్న గొంతు పట్టుకుని మా ఇంటికొచ్చింది. అత్త నా ఒళ్లోంచి పాపను తీసుకుని, ఆ చిట్టి చేత్తో బెబాంగ్ గొంతు మూడుసార్లు నిమిరించింది. బెబాంగ్ గుటక వేసి, దిగినట్టుందని ఒప్పుకుంది.

"బలం ఎక్కడికీ పోలేదు వదినా," అంది అత్త పాపను ముద్దు పెట్టుకుంటూ. "చేతులు మారిందంతే."