సోంపు ప్లేటు రాని బల్ల

నాకు ముక్కు మీదే కోపం. తప్పు నాదని తేలాక వచ్చే సిగ్గు కూడా అంత తొందరగానే వస్తుంది. ఆ రెండూ ఒకే మధ్యాహ్నం, ఒకే గల్లాపెట్టె ముందు, నలుగురూ చూస్తుండగా వచ్చాయి.

గుంటూరు బ్రాడీపేటలో రక్తపరీక్షలు చేసే ల్యాబులో నా ఉద్యోగం. పరగడుపున వచ్చేవాళ్ళ కోసం ఆరున్నరకే అక్కడ ఉండాలి. ఒంటి మనిషిని కాబట్టి పొద్దున్నే పొయ్యి వెలిగించే ఓపిక ఉండదు. పదేళ్ళుగా మధ్యాహ్నం భోజనం పక్క సందులోని మెస్‌లోనే. అక్కడ మా వరసకి వడ్డించే పెద్దాయన్ని అందరిలాగే నేనూ బాబాయ్ అంటాను. ఆయనది వినుకొండ దగ్గర పల్లె. కౌలుకి మిర్చి వేసి, వరసగా మూడేళ్ళు దెబ్బతిని, చేను వదిలేసి సాంబారు బకెట్టు పట్టుకున్నాడు. ఈ సంగతి ఆయనే ఒకసారి వడ్డిస్తూ చెప్పాడు, ఇంకెవరి గురించో చెబుతున్నట్టు.

ఆ మెస్‌లో ఒక పద్ధతి ఉంది. భోజనం ధర అందరికీ ఒకటే కనుక బల్ల దగ్గరికి బిల్లు రాదు. వెళ్ళేటప్పుడు గుమ్మం పక్కన గల్లా దగ్గర కట్టి పోతాం. బల్ల మీదికి వచ్చేది సోంపు ప్లేటు. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి అది అక్కడ ఉంటుంది. ఇవ్వాలనుకున్నవాళ్ళు కాస్త సోంపు నోట్లో వేసుకుని, అందులో పదో ఇరవయ్యో పెడతారు. ఆ డబ్బు ఏ ఒక్కరి జేబులోకీ పోదు. గల్లా మీద ఒక డబ్బా ఉంది, అందులో పడుతుంది. శనివారం వడ్డించేవాళ్ళూ, వంటవాళ్ళూ, గిన్నెలు తోమే ఆవిడా పంచుకుంటారు. నేను రోజూ ఇరవై పెట్టేదాన్ని.

కిందటేడు బ్యాంకువాళ్ళు నాకొక క్రెడిట్ కార్డు అంటగట్టారు. వద్దు వద్దంటూనే తీసుకుని, నెల తిరక్కుండా దానికి అలవాటు పడిపోయాను. పర్సు మొయ్యడం మానేశాను. చిల్లర గొడవ వదిలిందని సంబరపడ్డాను. మెస్ ఓనరుగారితో "సర్వీసుకి ఇరవై కలిపి గీకండి" అని, నంబరు నొక్కి, వెనక్కి చూడకుండా ల్యాబుకి పరిగెత్తేదాన్ని. బాబాయ్ వరస లోపలెక్కడో ఉంటుంది. నేను కలిపించిన సంగతి ఆయనకి వినపడదు. వినపడాలని నాకు తోచనే లేదు.

ఆ రోజుల్లోనే మోకాలు మొరాయించింది. డాక్టరు బండి తోలొద్దన్నాడు. రోజూ మెస్ ముందు ఆపే స్కూటీ అమ్మేసి ఆటోల్లో తిరగడం మొదలుపెట్టాను. ఊరందరి రక్తం పరీక్షించేదాన్ని ఒకరోజు నాది కూడా చూసుకుంటే కొలెస్ట్రాల్ హద్దు దాటి ఉంది. దాంతో భోజనానికి తోడు విడిగా కొనుక్కునే ఆమ్లెట్టూ చేపముక్కా మానేశాను. ఎందుకని బాబాయ్ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఒకరోజు పప్పు వేస్తూ, "మీకేమన్నా మిర్చి ఉందా అమ్మా?" అన్నాడు. మా ఊళ్ళో ఇది వింత ప్రశ్నేమీ కాదు. ఇక్కడ బడిపంతులికైనా, నర్సుకైనా ఎక్కడో ఒకచోట కోల్డ్ స్టోరేజీలో నాలుగు టిక్కీలు, అంటే బస్తాలు, మిర్చి ఉంటుంది. మా అన్నయ్యవి చాలానే ఉన్నాయి. అన్నయ్యవని చెప్పడానికి బద్ధకించి, "ఉంది బాబాయ్, రేటే లేదు" అన్నాను. ఆయన ఇంకో చెంచా నెయ్యి వేశాడు. ఆ మెస్‌లో పప్పు ఎంతైనా వేస్తారు గానీ నెయ్యి మాత్రం మనిషికి ఒక్క చెంచానే. ఆ రోజునుంచీ నాకు రోజూ రెండు పడుతున్నాయి.

సోంపు ప్లేటు రావడం ఎప్పుడు ఆగిపోయిందో నాకు తెలియదు. తెలిసిన రోజు మాత్రం బాగా గుర్తుంది. చెయ్యి కడుక్కుని వచ్చి చూస్తే పక్క బల్ల మీద ప్లేటుంది, ఎదురుబల్ల మీద ప్లేటుంది, నా బల్ల ఖాళీ. కొత్తగా చేరిన సర్వరుని సోంపు అడిగాను. అతను బాబాయ్ వైపు చూసి, పిడికెడు సోంపు తెచ్చి నా అరచేతిలో పోశాడు. ప్లేటు మాత్రం తేలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట కింద భయం కూడా ఉంది. కార్డు మీద కలిపిన ఇరవై వీళ్ళకి అందడం లేదని ఆ క్షణంలో అనిపించింది. అంటే ఇన్ని నెలలుగా ఈ మనిషి నన్ను పిసినారిదాన్ని అనుకుంటూ వడ్డిస్తున్నాడు. రెండో చెంచా నెయ్యి కూడా ఆ ఇరవై నాకు గుర్తు చెయ్యడానికే వేస్తున్నాడు. ఇప్పుడు విసుగొచ్చి, దీనికి ప్లేటెందుకని మానేశాడు. రోజూ అన్నం పెట్టే మనిషి దగ్గర చులకనైపోయానన్న ఆలోచన నేను తట్టుకోలేకపోయాను.

నేరుగా గల్లా దగ్గరికి వెళ్ళాను. నా వెనక ముగ్గురు నిలబడి ఉన్నారు. అయినా ఆగలేదు.

"రోజూ కార్డు మీద గీకిస్తున్న నా ఇరవై ఏమవుతోందండీ?"

ఓనరుగారు తలెత్తి చూశారు. "డబ్బాలో వేస్తున్నాను మేడం."

"నేనెప్పుడూ చూడలేదే."

"మీరు నంబరు నొక్కి వెళ్ళిపోతారు కదండీ. మీరు మెట్లు దిగేలోపు తీసి వేస్తాను."

నమ్మలేదు. ఇంకో మాట అనబోతుంటే బాబాయ్ చేతిలో బకెట్టుతోనే గబగబా వచ్చాడు.

"ఆయన్నేం అనబాకండమ్మా. మజ్జాన్నం పూట గల్లాలోంచి ఇరవై తీసి డబ్బాలో వెయ్యటం నేను రోజూ చూస్తానే ఉన్నా. అది మీదని తెలవదు, అంతే."

"మరి నా బల్లకి ప్లేటు ఎందుకు మాన్పించావు బాబాయ్?"

ఆయన బకెట్టు కింద పెట్టాడు. చెప్పాలా వద్దా అన్నట్టు ఓనరుగారి వైపు చూశాడు.

"బండి అమ్మేశారు. గుడ్డు మానేశారు, చేప మానేశారు. మిర్చి ఉంది, రేటు లేదన్నారు. పళ్ళెంలో డబ్బులు పెట్టటం ఆగిపోయింది. దెబ్బ తిన్నారనుకున్నానమ్మా. ముందర ప్లేటు పెడితే మీకు ఇబ్బంది గదా. అందుకని ఆ బల్లకి పెట్టబాకండ్రా అని వీళ్ళకి నేనే చెప్పా."

చేతిలోని కార్డు గల్లా మీద పెట్టేశాను.

"చేను పోయిన ఏడు ఒంగోల్లో ఒక హోటల్లో తిన్నా. ఇట్టాగే ప్లేటు తెచ్చి పెట్టాడు. జేబులో బస్సు చార్జీకే ఉంది. ఆ సోంపు నేను ముట్టుకోలేదమ్మా" అన్నాడు.

నా వెనక నిలబడ్డ ముగ్గురూ కదల్లేదు. నేను మోకాలి సంగతి, కొలెస్ట్రాల్ సంగతి, ఆ టిక్కీలు అన్నయ్యవన్న సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. ఓనరుగారికి క్షమాపణ చెప్పాను. ఆయన పోనిద్దురూ అని కార్డు అందుకుని, ఈసారి నేనుండగానే ఇరవై తీసి డబ్బాలో వేశారు. బాబాయ్ నన్ను తేరిపార చూసి, "అయితే బాగానే ఉన్నారన్నమాట" అని బకెట్టు ఎత్తుకుని లోపలికి పోయాడు. ఆ ఒక్క మాటతో గుండె మీదినుంచి బరువు దిగినట్టయింది. ఆయన నన్ను చులకన చెయ్యలేదు. నా పరువు కాపాడుతున్నాననుకుంటూ ఇన్నాళ్ళూ కొసరి కొసరి అన్నం పెట్టాడు. ల్యాబుకి వెళ్ళి, బాత్రూంలో తలుపు గడియ పెట్టుకుని కాసేపు హాయిగా ఏడ్చాను.

మర్నాడు ల్యాబు క్యాషియరు దగ్గర ఇరవై రూపాయల నోట్లు ఒక కట్ట మార్చుకుని వెళ్ళాను. భోజనం డబ్బులు కార్డు మీద కట్టుకున్నా, ఇది మాత్రం చేత్తో పెట్టాలనుకున్నాను. బాబాయ్ పప్పు వేశాడు, గోంగూర వేశాడు. నెయ్యి ఒక్క చెంచానే వేసి ముందుకు సాగాడు.

"బాబాయ్, నెయ్యి?" అన్నాను.

"మీకు కొలెస్ట్రాల్ గదమ్మా" అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

నవ్వుకుంటూ ఆయన వెళ్ళిన వైపు చూశాను. మూల బల్ల దగ్గర ఒకాయన ఒక్కడే కూర్చుని తింటున్నాడు. బాబాయ్ ఆయన విస్తట్లో ఒక చెంచా నెయ్యి వేశాడు, ఆగి ఇంకో చెంచా వేశాడు. నేను లేచి చెయ్యి కడుక్కుని వచ్చేసరికి నా బల్ల మీద సోంపు ప్లేటు ఉంది. ఆ మూల బల్ల ఆయన కూడా చెయ్యి కడుక్కుని వచ్చి కండువాతో తుడుచుకుంటున్నాడు. ఆయన బల్ల మీద ప్లేటు లేదు. నేను అటు చూడడం మానేసి, నా ప్లేటులో ఒక నోటుకి రెండు నోట్లు పెట్టి బయటికి వచ్చేశాను.