బావగారి బరోలో

పోయిన శనివారం మా ఊరు నోవైలో కూరగాయలకి వెళితే, షాపు మధ్యలో నిలబడ్డ ఒకమ్మాయి చిన్న ప్లాస్టిక్ కప్పులో రెడ్ వైన్ పోసి, రుచి చూడమని చేతికిచ్చింది. సీసా మీద బరోలో అని ఉంది. కప్పు ముక్కుదాకా తీసుకెళ్ళాను గానీ తాగలేకపోయాను. సరుకుల బండి అక్కడే వదిలేసి వచ్చి కార్లో కూర్చున్నాను. మా బావగారు పోయి మూడు నెలలు.

ఆయన మా అక్క భర్త. పక్కనే ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవారు. కార్లకి బ్రేకులు డిజైన్ చేసే ఇంజనీరు. మాట కూడా అలాగే ఆగి ఆగి వచ్చేది. పప్పూ గోంగూరా తప్ప మరో రుచి ఎరగని మనిషిని ఓసారి కంపెనీవాళ్ళు ఇటలీ పంపారు. అక్కడి కొండల్లో పండే ద్రాక్షతో చేసే బరోలో ఆయన్ని పట్టుకుంది. అప్పట్నించి ఏటా థాంక్స్‌గివింగ్ పండగ మధ్యాహ్నం ఒకే ఒక్క సీసా తెరిచేవారు. అక్క ముట్టేది కాదు కాబట్టి శిష్యరికం మరదలినైన నాకు పడింది. గ్లాసు తిప్పి, ముక్కు లోపల పెట్టి, ఓపిగ్గా ఉండాలి. ముందు ఎండిన గులాబీ రేకులు, ఆ వెనక కొత్తగా వేసిన తారురోడ్డు. మింగాక నేరేడుపళ్ళు తిన్నట్టు నాలుక పట్టేసేది. "వగరు అన్న మాట ఈ దేశంవాళ్ళ నోట వినబడదమ్మా. మనకైతే చెప్పక్కర్లేదు," అనేవారు, ఆ ద్రాక్ష తనే పండించినంత గర్వంగా.

ఒక ఏడాది గ్లాసు ఎత్తగానే తడిసిన అట్టపెట్టె కంపు కొట్టింది. బిరడా చెడితే వైన్ అలా పాడవుతుందని ఆయనే నేర్పారు. ఆయన మాత్రం కళ్ళు మూసుకుని చాలాసేపు వాసన చూసి, "గులాబీ తెలుస్తోందా?" అని అడిగారు. ఆయన వెనకాల నిలబడ్డ అక్క నా మొహం చూసి, చెప్పొద్దన్నట్టు నాకు కళ్ళతో సైగ చేసింది.

"తెలుస్తోంది బావగారూ. ఈసారి ఇంకా బాగా," అన్నాను.

ఆయన నవ్వి గ్లాసు ఖాళీ చేశారు. నాది వంటింటి సింకులో ఒంపేశాను.

"పోపు మాడినా తెలీట్లేదే ఆయనకి. అడిగితే జలుబంటారు. డాక్టర్‌కి చూపించమంటే కోపం," అంది అక్క.

"పోన్లే, ఇక నీ వంటకి వంకలుండవు," అన్నాను. ఇద్దరం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వుకున్నాం.

రెండేళ్ళకి ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. పార్కిన్సన్స్ అన్నారు. "వాసన తెలియడం ఎప్పుడు తగ్గింది? చాలామందికి ముందు పోయేది అదే," అని డాక్టరు అడిగితే బావగారు తల దించుకున్నారు. ఆ సీసా సంగతి నేనే చెప్పాను.

తిరుగుదారిలో మంచు పడుతోంది. నేను డ్రైవ్ చేస్తున్నాను.

"అయితే ఆ రోజు వైన్ పాడైపోయిందా?" అన్నారు పక్కసీట్లోంచి.

"అవును బావగారూ."

"నాకు అప్పటికే ఆర్నెల్లుగా ఏ వాసనా లేదమ్మా. భయమేసేది. ఆ రోజు చెప్పేద్దామనే గులాబీ మాట ఎత్తాను. నువ్వంత సంతోషంగా ఉంటే, పండగపూట ఎందుకులే అని ఊరుకున్నాను."

వెనకసీట్లో అక్క ఏడవడం అద్దంలో కనిపించింది.

ముందే తెలిసినా జబ్బు ఆగేది కాదని డాక్టరు అన్నాడు. ఆ మాటతో సరిపెట్టుకుందామని చూశాను, కుదరలేదు. ఆ రెండేళ్ళూ ఆయన ఒక్కరే భయపడ్డారు. తర్వాత అన్నీ వరసగా జరిగాయి: కారు తాళాలు అక్కకి ఇచ్చేశారు, చక్రాల కుర్చీ వచ్చింది, చివర్లో మంచినీళ్ళు కూడా గొంతు దిగలేదు.

ఒకరి మనసు ఒకరు నొప్పించకూడదని ముగ్గురం మొహమాటపడుతూ కూర్చున్నాం; కాలానికి ఆ మొహమాటం లేదు.