తాళం తీసినా ఆగని బండి

పెట్రోలు పోసే మనిషి ముందు నిలబడి అబద్ధమాడితే ఒంటికి నిప్పంటుకుంటుందన్న పుకారు చిన్నప్పుడు మా ఆలూరులో పుట్టించింది నేనే. ఆ భయం ఇప్పటికీ నాకే ఎక్కువ. అందుకని అహోబిలం నరసింహస్వామి మీద ప్రమాణం చేసి చెబుతున్నాను: ఇందులో ప్రతి అక్షరం నిజం.

కర్నూలులో ఒక బంకు దగ్గర, ముందు ఆటో, వెనక పాలవ్యాను, పక్కన గోడ, ఎటూ కదలడానికి లేకుండా బండి మీద ఇరుక్కుని ఉన్నాను. ఎండకు లేచిన పెట్రోలు వాసన ముక్కులోకి సూటిగా దూరింది. “మామూలుదా సార్, తొంభై అయిదా?” అని అడిగాడు పోసే కుర్రాడు. నా బతుకులో ఆ ప్రశ్న మొదట వేసినవాడు మా చిన్నాయన.

ఏరువాక పున్నమి దగ్గరపడితే మా ఊరికి ఒక వాసన వచ్చేది. తొలివానకు తడిసిన మట్టి, విత్తనానికి ఒలిచిన చెనిక్కాయల పొట్టు, ఎద్దుల కొమ్ములకు పూసే రంగు, ఓళిగల కోసం ఉడికే శనగపప్పు, దంచిన బెల్లం, అన్నీ కలిసి వీధంతా ఒకే వంటిల్లులాగా ఉండేది. పున్నమి సాయంత్రం వీధికి అడ్డంగా నార తోరణం కట్టి ఎద్దుల్ని పరిగెత్తించేవాళ్లు. ఏ ఎద్దు తోరణం తెంపితే ఆ ఇంటివాళ్ల చెయ్యి ఏడాదంతా మీసం మీదే. ఆ ఏడు మా కోడె మొదటిసారి పరిగెత్తాలి. దానికి నేను చిల్లాకట్టె ఆట మానేసి మరీ గడ్డి మేపాను. సరిగ్గా ఆ పున్నమినాడే, మంచిరోజని, మా నాయన నన్ను కర్నూలు హాస్టల్లో వేయడానికి నిశ్చయించాడు.

“ఈడుంటే కోతలు కోసుకుంటా ఎద్దులెనకాలే తిరుగుతాడు. నాలుగ్గోడల మధ్య ఏస్తే గానీ సదువు రాదు” అన్నాడు. మా నాయన అన్నాడంటే అయిపోయినట్టే. అమ్మ ఓళిగలు మూట కట్టింది, అంతే.

నన్ను దిగబెట్టే పని చిన్నాయనది. నాయనకు తమ్ముడు, నా అబద్ధాలన్నిటికీ తొలి శ్రోత. ఆయనకొక నల్ల మోటారు సైకిలుండేది. అది స్టార్టయితే మా వీధి కాకులు బళ్లారి దాకా పోయి అక్కడే గుడ్లు పెట్టేవి. బలం పెరగాలని మెకానిక్కు మస్తాన్ చేత ఇంజన్ హెడ్డు అరగదీయించాడు. అప్పట్లో బంకుల్లో పెట్రోలు రెండు రకాలు: ఎనభై ఏడు నంబరు మామూలుది, తొంభై మూడు మేలురకం. పని ముగించి, చేతులు తుడుచుకుంటూ మస్తాన్ చెప్పిన మాట నా చెవిలో పడింది. “ఇంక దీనికి తొంభై మూడే తాపాలప్పా. ఎనభై ఏడు పోస్తే ఇంజన్ కొట్టుకుంటాది, కాగిపోతాది, యాడో దారిలో చేతులెత్తేస్తాది.”

పున్నమి పొద్దున బయల్దేరాం. వెనక సీటు నిండా ట్రంకు పెట్టె కట్టేశారు కాబట్టి నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టారు. అటొక చెయ్యి, ఇటొక చెయ్యి, వెనక చిన్నాయన ఛాతీ, ముందు గాలి. పిక్కలకు ఇంజన్ సెగ. కాలు జరిపితే కాలుతుంది, వెనక్కి ఒరిగితే ఆయన చొక్కా గుండీ వీపులో గుచ్చుకుంటుంది. దూడను కూడా అంత గట్టిగా కట్టెయ్యరు. దారిలో ఒక బంకులో ఆపి చిన్నాయన నా వైపు వంగాడు.

“ఏది పోపిద్దాంరా? ఎనభై ఏడా, తొంభై మూడా? నువ్వే చెప్పు.”

ఆ నెలంతా నన్నెవరూ ఏమీ అడగలేదు. ఏ బడి, ఏ పెట్టె, జుట్టెంత కత్తిరించాలి, అన్నీ వాళ్లే తేల్చేశారు. మొదటిసారి ఒకటి నా చేతికొచ్చింది.

“ఎనభై ఏడే చాలు, చిన్నాయనా.”

“ఖాయమా?”

“ఖాయం.”

ఆయన మీసంలో ఏదో కదిలింది. ఎనభై ఏడే పోయించాడు.

దేవనకొండ దాటేసరికి ఇంజన్ కొట్టుకోవడం మొదలైంది. డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు ఒకటే గలగల. ఎంత కాగిందంటే, నా జేబులోని చెనిక్కాయలు పొట్టుతో సహా వేగిపోయాయి, చెరిసగం తిన్నాం. ఇప్పుడు ఆగుతుంది, ఈ మిట్టలో ఆగుతుంది, ఆ వేపచెట్టు కింద ఆగుతుంది అని దేవుళ్లందరికీ మొక్కుతున్నాను. అది మూలుగుతూనే కోడుమూరు దాటింది, మూలుగుతూనే కర్నూలు చేరింది, గాజుపెంకులు గుచ్చిన ఎత్తు గోడల మధ్య ఇనుప గేటులోంచి హాస్టల్లోకి దూరింది.

చిన్నాయన తాళం తిప్పాడు. ఇంజన్ ఆగలేదు. తాళంచెవి ఊడబెరికాడు. అయినా ఆగలేదు. కాగి ఎర్రబడ్డ ఇంజన్‌కు నిప్పురవ్వతో పనేముంది? లోపలి సెగకే పెట్రోలు అంటుకుంటూ పోతుంది. బండి గుడగుడమంటూ జెండా కర్ర చుట్టూ ప్రదక్షిణలు మొదలుపెట్టింది. పిల్లలంతా బయటికొచ్చి ఈలలేశారు.

“ఏమప్పా, ఇది బడనుకున్యావా, తిర్నాలనుకున్యావా? ఆపప్పా!” అని వెంటపడ్డాడు వాచ్‌మన్.

“ఆపితి కదప్పా! ఇదో సూడు, తాళంచెవి నా చేతిలోనే ఉండాది!” అని చిన్నాయన దాన్ని పైకెత్తి చూపించాడు.

చివరికి బండే విసుగెత్తి గేటులోంచి బయటపడింది. ఆగకుండా వచ్చిన దారినే పట్టి, సాయంత్రానికి ఆలూరు వీధిలో ఎద్దుల మధ్యకు దూసుకుపోయింది. మా కోడె పక్కన పరిగెత్తుతుండగా తోరణాన్ని నేనే, ట్యాంకు మీది నుంచి, పళ్లతో తెంపాను.

“సార్, ఏది పోయాల?” కుర్రాడు మళ్లీ అడుగుతున్నాడు. వెనక పాలవ్యాను హారన్ కొడుతోంది.

ప్రమాణం చేశాను కాబట్టి చెప్పాలి. గేటులోంచి బయటపడ్డామన్నది కల్పన. ప్రదక్షిణలు కూడా. తాళం తీశాక బండి కాసేపు గుడగుడలాడిన మాట నిజం. చిన్నాయన బ్రేకు తొక్కి, గేరు వేసి, క్లచ్ వదిలాడు. అది ఒక్క కుదుపు కుదిపి చచ్చింది. పెట్టె దిగింది, నేను దిగాను, ఆయన బండి తోసుకుంటూ బయటికి పోయాడు, గేటు పడింది.

అప్పుడు మొరాయించింది బండి. మస్తాన్ చెప్పినట్టే చేతులెత్తేసింది, కానీ గేటుకు అవతల. నేను ఇనుప కమ్ములు పట్టుకుని చూస్తున్నాను. చొక్కా తడిసిపోయేదాకా కిక్కు కొట్టి, చిన్నాయన కమ్ముల దగ్గరికొచ్చాడు.

“మస్తాన్ చెప్పింది నేనూ ఇన్న్యా కదరా. దారిలో యాడన్నా నిలిచిపోతాదనే అనుకుంటి” అన్నాడు, నా ముఖం చూడకుండా.

ఆ ఎనభై ఏడు పోయింది, తొంభై మూడూ పోయింది. వీధికి అడ్డంగా తోరణం కట్టేవాళ్లు తగ్గారు. చిన్నాయనా లేడు. “మామూలుదే పొయ్యప్పా” అన్నాను కుర్రాడితో. ఇప్పటి బండ్లు ఏది పోసినా పోతాయి. తాళం తిప్పగానే ఆగిపోతాయి.