ఆమె ఉత్త కళ్లతో చూడలేదు

జీవితమంతా కాదంటూ వచ్చిన మూఢనమ్మకం వెనకే మీరెప్పుడైనా దాక్కున్నారా? నేను దాక్కున్నాను. కరోనాకు ముందటి ఏడాది నుంచి ఇప్పటిదాకా. వేదికలెక్కి రాహుకేతువుల్ని ఎగతాళి చేస్తూ, పంచాంగాల మీద వ్యాసాలు రాస్తూ, లోపల మాత్రం ఆ రాహువు చాటునే తలదాచుకున్నాను. ఈ బరువు గురించి ఇంతవరకు ఎక్కడా రాయలేదు. మీకు రాస్తున్నాను. పేరు పెట్టడం లేదు. అది పిరికితనమే. సాకు చెప్పను.

నాకు పాత ఐపీసులంటే పిచ్చి. ఐపీస్ అంటే టెలిస్కోపులో మనం కన్ను పెట్టి చూసే చిన్న అద్దాల గొట్టం. యాప్రాల్‌లో మా వీధిలో ఉండే రిటైర్డ్ సైనికాధికారి ఇల్లు ఖాళీ చేస్తూ తన టెలిస్కోపునీ, నాలుగు ఇత్తడి ఐపీసులున్న చెక్కపెట్టెనీ నా చేతిలో పెట్టి వెళ్లాడు. కొత్తరకం ఐపీసులు పెద్ద కిటికీ తెరిచినట్టు ఆకాశాన్ని చూపిస్తాయి. పాతవి ఇరుకు. కనురెప్పల వెంట్రుకలు అద్దానికి తగిలేంత దగ్గరగా వంగితే గాని ఏమీ కనిపించదు. కాని ఒకసారి కుదిరిందా, ఆ ఇరుకులోనే శనిగ్రహం చుట్టూ ఉన్న పట్టీ సూదితో గీసినంత స్పష్టంగా నిలబడుతుంది. మర తిప్పుతుంటే పాత గ్రీజు వాసన. చేతి వేడికి ఇత్తడి మెల్లగా వెచ్చబడటం. ఒక వస్తువుని ప్రేమించడం తప్పా? కాదు. ప్రేమిస్తున్నాం గనక దానిలో లోపం ఉండదనుకోవడం తప్పు. ఏ భక్తుడైనా తన విగ్రహం గురించి అలా అనుకుంటే నేనెన్ని పేజీలు రాసి ఉండేవాణ్ణి!

ఆ పెట్టెలో ఇంకో వస్తువుంది. రూపాయి బిళ్లంత ముదురాకుపచ్చ అద్దం. దాన్ని ఐపీసుకి బిగించి సూర్యుణ్ణి చూడమని ఆ కాలంలో ఇచ్చేవారు. ఇప్పుడు తెలిసినవాళ్లెవరూ వాడరు. టెలిస్కోపు ఎండనంతా పోగుచేసి సరిగ్గా ఆ అద్దం మీదే గుమ్మరిస్తుంది. వేడికి అద్దం ఎప్పుడు పగులుతుందో చెప్పలేం. ఎండను వడకట్టే వెండిరంగు ఫిల్ముని టెలిస్కోపు ముందు మూతికే తొడగడం క్షేమమైన పద్ధతి. అప్పుడు వేడి లోపలికే రాదు. మూఢనమ్మకాల మీద ప్రచారం చేసే మా వేదికలో ఇది అందరికీ తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు. వేదికలో నాతోపాటు పనిచేసే, ఫిజిక్స్ చెప్పే మాధవి మా ఇంట్లో ఆ అద్దాన్ని చూసి, “సార్, దీన్ని షోకేసుల పెట్టుండ్రి, ఐపీసుకు మాత్రం పెట్టకుండ్రి” అంది. నవ్వేశాను. అప్పటికే రెండుసార్లు మా డాబా మీద దాంతో సూర్యుణ్ణి చూశాను. పగల్లేదు. రెండుసార్లు పగల్లేదు గనక మూడోసారీ పగలదు. తాయెత్తు కట్టుకున్నవాడి తర్కం ఇంతకన్నా వేరేగా ఉంటుందా?

ఆ ఏడాది సూర్యగ్రహణం పట్టిన ఉదయం శామీర్‌పేట దగ్గరి ఒక ఊళ్లో, బడి ఆవరణలో, గ్రహణం చూపించే పని నాది. మాధవిని మేడ్చల్‌కి వేశారు. సరిగ్గా గ్రహణం పట్టిన సమయంలో పొయ్యి వెలిగించి, ఉప్మా వండి, అందరి ముందు తినడం మా వేదిక ఆనవాయితీ. ఆ ఉప్మా వండటానికి, ఆ బడిలో మధ్యాహ్న భోజనం వండే బాలమణి ఒప్పుకుంది. అసలు పేరు ఇది కాదు. ఇంట్లో అత్త శాపనార్థాలు పెడుతున్నా వచ్చింది. గిన్నె దించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ, జంకుతున్న ఆడవాళ్లందరికన్నా ముందు వచ్చి నిలబడింది.

ఫిల్ములోంచి సూర్యుడు పాలిపోయినట్టున్నాడు. మొదటి మనిషికి అందమైనది చూపించాలనిపించింది. ఆమె కోసమా? నా ఇత్తడి సొమ్ము గొప్ప కోసమా? ఏళ్లుగా అడుగుతున్నాను. జవాబు మారడం లేదు. ఫిల్ము తీసేశాను. పచ్చద్దం బిగించాను.

“అయ్యో సార్, సూర్యుడు పచ్చగున్నడు! కొరికిన జామకాయ లెక్కున్నడు. ఎవలు కొరికిండ్రో ఏమో!”

వెనకున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చింది. ఇంకాసేపు చూడనిచ్చాను. టక్కుమని చిన్న చప్పుడు. ఆమె ఉలిక్కిపడి ముఖం వెనక్కి తీసుకుని, అరచేత్తో కుడికన్ను మూసుకుంది.

ఇప్పుడు నేనేం చేశానో రాయాలి. అద్దం విప్పాను. నడుమ పగులు. జేబులో వేసుకున్నాను, వేడికి తొడ చుర్రుమంది. ఫిల్ము మళ్లీ తొడిగాను. “వెలుగుకు కళ్లు చెదిరినయ్, నీళ్లతోని కడుక్కో” అన్నాను. తర్వాతి మనిషిని పిలిచాను. వరుస సాగింది. ఉప్మా తిన్నాం. ఫొటోలు దిగాం.

ఆమె కంటి లోపలి తెర మీద, నడిమధ్యలో, కాలిన మచ్చ పడిందని డాక్టరు చెప్పాడు. అది మానదు. ఎదుటి మనిషి ముఖం ఆ కంటికి నడుమ చెరిగిపోయి కనిపిస్తుంది. ఊరికి కారణం వెంటనే దొరికింది: గ్రహణం పూట పొయ్యి ముట్టించింది, సూర్యుడి వంక చూసింది. ఆ నమ్మకం చాటున, నేనేం చూపించానని ఊళ్లో ఎవరూ అడగలేదు. మా వేదికకూ ఒక కారణం కావాలి. సమీక్షలో అందరూ నా వైపు చూశారు. “నడుమ ఉత్త కళ్లతో చూసినట్టుంది. మన మాట వినలేదు” అన్నాను. ఎవరూ రెండో ప్రశ్న వేయలేదు. ప్రశ్నించడమే వ్రతంగా పెట్టుకున్నవాళ్లం అందరం.

నెల తిరక్కుండానే ఆమె ఇంటికి వెళ్లాను. గడప దగ్గర కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. తల ఒక పక్కకి వంచి, ఎడమ కంటితో.

“సార్, ఒక్కటే ముచ్చట అడుగుత. గ్రహణం తాకిందా నాకు? మా అత్త దినాం గదే అంటాంది.”

“గ్రహణం తాకుడు ఏముండదమ్మా. అది నీడ, అంతే.”

“మరి ఏమైంది సార్ నా కన్నుకు?”

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా.

“నడుమ ఎప్పుడన్న ఉత్త కళ్లతోని చూసినవేమో. యాది చేసుకో.”

“లే సార్. నేను సూడలే.” చాట కింద పెట్టింది. “పిల్లల మీద ఒట్టు, సూడలే.” మళ్లీ చాట ఒళ్లోకి తీసుకుంది. తర్వాత నా ముఖం వైపు చూడకుండా అంది: “మీరు సదువుకున్నోళ్లు. మీరంటున్నరంటే సూసిన్నేమో.”

తను చేసిందేమిటో తనకు తెలుసు. అయినా నా మాట నమ్మింది. బాబాల కాళ్ల దగ్గర జనం సరిగ్గా ఇలాగే తమ తెలివిని వదిలేసి వస్తున్నారని కదా నేను ముప్పై ఏళ్లుగా మండిపడుతున్నది? ఆమె చూపు పోగొట్టింది నా నిర్లక్ష్యం. ఆమె జ్ఞాపకాన్ని మాత్రం తెలిసి, ఎదురుగా కూర్చుని, మర్యాదగా లాక్కున్నాను.

అక్కడితో ఆగానా? లేదు. గ్రహణాల మీద రాసిన వ్యాసంలో “మాట వినని మహిళ” అని ఆమెని ఎక్కించాను. ఆ కథ మిగతావాళ్ల నోళ్లలో పడింది. ఇప్పుడు మా తరగతుల్లో హెచ్చరికగా చెబుతున్నారు. మరో గ్రహణం వచ్చినప్పుడు బాలమణి, ఆరు నెలల గర్భంతో ఉన్న తన కూతుర్ని చీకటి గదిలో పెట్టి, గుక్కెడు నీళ్లయినా ఇవ్వకుండా, విడిచేదాకా తలుపుకి అడ్డంగా కూర్చుందట. గ్రహణంలో ఉప్మా వండిన మనిషి! మాధవి వచ్చి చెప్పి నిట్టూర్చింది. నేనూ నిట్టూర్చాను. ఆ నిట్టూర్పుని తలుచుకుంటే, ఇప్పుడు నా మీద నాకే వెగటు.

పోయిన ఆదివారం మాధవికి అంతా చెప్పాను. ఆమె నాతో శామీర్‌పేట దాకా వచ్చింది. బాలమణి నిలబడే విన్నది. కన్ను గురించి అడగలేదు.

“అంటే నేను సూడలే.”

“చూడలేదు.”

“మా అత్త పోయి రెండేండ్లాయె సార్. పాపం జేసినవే అనుకుంటనే పోయింది. ఇగ ఆమెకు ఎవలు జెప్తరు?”

ఆమె లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. క్షమించలేదు. నేను అడగనూ లేదు. ఈ నాలుగు పేజీలూ రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఆ తేలిక కూడా నాకే, ఆమెకి కాదు.

ఇక మీ పని చెబుతాను. ఆ మాట వినని మహిళ కథ మీరూ ఎక్కడో విని తలూపి ఉంటారు, మరొకరికి చెప్పి ఉంటారు. ఎవరికి చెప్పారో వాళ్ల దగ్గరికి, వాళ్లు బతికుండగానే, వెళ్లండి. ఫోను కాదు, మనిషిగా వెళ్లండి. ఆమె మాట విన్నదని చెప్పండి. చూపించినవాడే అబద్ధమాడాడని చెప్పండి.