విడి గిన్నె

టెక్సస్‌లోని కాపెల్‌లో ఉద్యోగం మానేసి, పెరూలో అమెజాన్ ఒడ్డునున్న చిన్న ఊరికి మకాం మార్చిన నరసింహ నెల తిరక్కుండానే వెనక్కొచ్చేశాడు. ఎందుకని ఎవరడిగినా "దోమలు బాబోయ్" అని మోచేతులు గోక్కుంటూ నవ్వేస్తాడు. మొన్న తలా ఒక వంటకం తెచ్చుకున్న పాట్‌లక్‌లో రిషిత కప్పుల మీద అందరి పేర్లూ రాస్తుంటే, తనకు విడిగా కప్పు వద్దన్నాడు.

"ఎంగిలి తాగుతావా అన్నా? యాక్!"

అతను ఈసారి నవ్వలేదు. "అక్కడ ఇల్లిచ్చిన ముసలమ్మ కర్రపెండలం నమిలి ఉమ్మి, పులియబెట్టి చేసిన కల్లు, అందరూ తాగే గిన్నెలో మొదట నాకే ఇచ్చింది. నేనూ యాక్ అని తోసేశాను. మర్నాటి నుంచి నాకోసం ఒక గిన్నె కడిగి, చూరు కింద విడిగా బోర్లించేది. అది చూడలేకే వచ్చేశాను."

"పాపం, కేర్ తీసుకుంది కదా!"

"మా ఇంట్లో పాలేరు గ్లాసు కూడా చూరు కిందే ఉండేది, రిషితా."