అరచేతి వినికిడి

మామగారికి చెవుడని ఊరందరికీ తెలుసు. అయినా అందరూ ఆయన్ని పిలిచేది ‘చెవులాయన’ అనే. ముప్పై ఏళ్లు గనిలో పైకప్పు తట్టి చూడడమే ఆయన పని. ఇనుప పొన్ను వేసిన కర్రతో రాతిని తట్టి, గట్టిదో డొల్లదో ఆయన తేల్చాకే మిగతావాళ్లు లోపల అడుగుపెట్టేవాళ్లు. గని మూతపడి, సందర్శకుల కోసం మళ్లీ తెరిచాక కూడా పొద్దున్నే అదే కర్ర, అదే పని. ఇంట్లోనూ అంతే. కుండయినా, పుచ్చకాయయినా తట్టకుండా ఒప్పుకోడు.

“నా తల కూడా తట్టి చూసే పెళ్లికి సరేనన్నాడే,” అనేది అత్తగారు.

కోడలు ఆ గనిలోనే కొత్తగా చేరిన గైడు. దీపాల గది, మనుషుల్ని దింపే ఇనుప పంజరం, బొగ్గుమసి కడుక్కునే స్నానాల గది, అన్నిటి కథా ఆమెకు కంఠతా వచ్చు. అంతుపట్టనిది ఒక్కటే. కాఫీ కావాలా అని మూడుసార్లు అరిస్తే గానీ పలకని మనిషికి రాయి చప్పుడు ఎలా వినిపిస్తుంది? ఎన్నిసార్లు అడిగినా నవ్వి ఊరుకునేవాడు.

ఆ రోజు నలభై మంది వచ్చారు. మామగారు లోపలినుంచి వచ్చి, “మూడో సొరంగం వద్దు,” అన్నాడు.

“నిన్నటిదాకా బాగానే ఉందిగా?” అన్నాడు మేనేజరు.

“ఏంటీ?”

“చూశావా! నా మాటే వినపడదు, రాయి మాట వినపడిందట!” మేనేజరు కోడలివైపు తిరిగాడు. “వీళ్లంతా వచ్చిందే ఆ సొరంగం కోసమమ్మా. తీసుకెళ్లు. నీ ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఇంకా నా బల్ల మీదే ఉంది.”

ఆమె ఈ ఉద్యోగం కోసం ఏడాది ఎదురుచూసింది.

“రెండే నిమిషాలు సార్,” అని మామగారి వెంట లోపలికి నడిచింది. మూడో సొరంగం మలుపు దగ్గర కప్పు తలకి తగిలేంత కిందికి ఉంది.

“మామయ్యా, మీకెలా తెలుస్తుంది?” అని చెవి దగ్గర అరిచింది.

“చెయ్యి పెట్టు,” అన్నాడు పైకి చూపించి.

ఆమె అరచెయ్యి రాతికి ఆనించింది. ఆయన జానెడు దూరంలో తట్టాడు. రాయి చల్లగా, కదలకుండా ఉంది. నాలుగడుగులు ముందుకెళ్లి, అక్కడ ఆమె చెయ్యి పెట్టించి మళ్లీ తట్టాడు. ఈసారి ఆమె వేళ్ల కింద సన్నగా వణికింది, పాలు పొంగబోయే గిన్నె మూత మీద చెయ్యి వేసినట్టు.

“యంత్రాల మోతలో చెవులు ఎప్పుడో పోయాయమ్మా. అరచెయ్యి పోలేదు. డొల్ల రాయయితే ఇలా వణుకుతుంది.”

ఆమెకు భయంకన్నా ఆసక్తి ఎక్కువైంది. కర్ర తను తీసుకుంది. కళ్లు మూసుకుని అంగుళం అంగుళం తట్టుకుంటూ పోయింది. వణుకు ఆగిన చోటల్లా మామగారిచ్చిన సుద్దముక్కతో గీసింది. కళ్లు తెరిస్తే, తలుపంత పెచ్చు చుట్టూ గీత!

ఆమె బయటికొచ్చి, “ఇవాళ మూడో సొరంగం లేదండీ. రెండో దాంట్లోకి వెళదాం,” అని అందరికీ చెప్పేసింది.

మేనేజరు ముఖం కందగడ్డయింది. “మామకి తగ్గ కోడలు!” అంటూ, గడ్డపారలిచ్చి ఇద్దరు పనివాళ్లని లోపలికి తోలాడు, ఆమె చెప్పింది తప్పని రుజువు చేద్దామనే. వాళ్లు పక్కన నిలబడి గీత అంచున ఒక్క పోటు పొడిచారు. పెచ్చు గీత మేరకే ఊడి, దభీమని పడింది. దుమ్ము సొరంగం బయటిదాకా వచ్చింది.

మామగారు వెళ్లి మిగతా కప్పంతా తట్టి వచ్చి తలూపాక, మేనేజరు చేతులకి గ్లౌజులు తొడుక్కుని, కోడలి వెంట లోపలికెళ్లి ఆ పెచ్చు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

“కాగితం మీద సాయంత్రం సంతకం పెడతాలే,” అన్నాడు కోడలితో. తర్వాత గొంతు తగ్గించి, “అది సరే, చెయ్యి ఎక్కడ పెట్టాలి?” అన్నాడు.

“ముందు ఆ గ్లౌజు తీయండి సార్.”