కాలువలు వదిలాక చూసిన ఇల్లు

ఇది రాసి పెట్టాల్సిన అవసరం మొన్న ఆదివారం వచ్చింది. రాజమండ్రిలో అద్దెకుంటున్న మా మనవరాలు ఫోన్ చేసి, ఓనరు ఫ్లాట్ అమ్మేస్తున్నాడనీ, రెండు నెలల్లో ఖాళీ చేయాలనీ చెప్పింది. ఎలాగూ సొంతిల్లు కొనాలనే చూస్తున్నారు కాబట్టి, అప్పుడే ఒకటి నచ్చిందట. పొద్దున చూసి సాయంత్రానికి అడ్వాన్సు ఇచ్చేద్దామనుకుంటున్నారట. "ఆలస్యం చేస్తే పోతుంది అమ్మమ్మా" అంది. నేను పదో తరగతితో చదువు ఆపినదాన్ని. ఆ తర్వాత వచ్చిన చదువంతా గ్రంథాలయం బల్ల దగ్గర కూర్చుని సంపాదించుకున్నదే. ఆ మాట చెప్పుకోవడానికి నాకు గర్వమే. అయితే ఇల్లు ఎలా చూడాలో మాత్రం ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఒక గోతిలో చూసి నేర్చుకున్నాను.

నా చిన్నప్పుడు మేం నిడదవోలులో ఒక పెంకుటింటి వెనక భాగంలో అద్దెకుండేవాళ్ళం. నాన్న రైసుమిల్లులో గుమస్తా. అమ్మ బట్టలు కుట్టేది. అన్నాలు తింటూ వాళ్ళిద్దరూ ఇంకా కొనని ఇంటిని మాటలతో కట్టేవాళ్ళు. అమ్మకి కుట్టుమిషను పక్కన కిటికీ కావాలి. నాన్నకి వీధి అరుగు. నాకు పుస్తకాల గూడు. "గూడు సరే, పుస్తకాలేవే?" అని అమ్మ నవ్వేది. నిజమే. గ్రంథాలయంలో కూర్చుని చదువుకోనిచ్చేవారు గానీ, పుస్తకం ఇంటికివ్వాలంటే ఊళ్ళో స్థిరమైన చిరునామా ఉండాలనేవారు. నాలుగేళ్ళలో మూడిళ్ళు మారిన మాకు అది లేదు.

ఆ ఇంటి యజమాని తణుకు దగ్గర పల్లెలో వ్యవసాయం చేసే పెద్దాయన. నేను తాతగారూ అని పిలిచేదాన్ని. ఒక వేసవిలో తాటిముంజలు పట్టుకొచ్చి, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగకుండా చేతిలో పట్టుకుని కూర్చున్నారు. తన పొలం పక్కనున్న భూమి చెక్క అమ్మకానికొచ్చిందనీ, అది కొనాలంటే ఈ ఇల్లు అమ్మక తప్పదనీ, కొనేవాళ్ళు బళ్ళు తెరిచేలోగా ఇల్లు ఖాళీగా కావాలంటున్నారనీ చెప్పారు. "చెప్పడానికి నోరు రావట్లేదమ్మాయ్" అన్నారు అమ్మతో.

మా నాన్నకి పౌరుషం ఎక్కువ. వారం తిరక్కుండా కాలువగట్టు దగ్గర ఒక ఇల్లు చూసొచ్చారు. కొత్తగా వేసిన సున్నం, పెద్ద పెరడు, మాకు అందే ధర. అమ్మ కోరిన కిటికీ, నేను కోరిన గూడు కూడా ఉన్నాయి. బయానా ఇచ్చే ముందు మర్యాదకి తాతగారిని ఒకసారి చూడమన్నారు.

తాతగారు గోడల వైపు చూడలేదు. నేరుగా పెరట్లోకి వెళ్ళి గునపం అడిగారు.

"ఏంటండీ, ఇల్లు కొనడానికొచ్చారా, నుయ్యి తవ్వడానికా?" అని ఆ ఇంటాయన వెటకారం చేశాడు.

"ఆయ్, నుయ్యి కూడా కలిసొస్తే మంచిదే కదండీ" అంటూ తాతగారు మోకాలి లోతు గొయ్యి తవ్వారు. అడుగున మట్టి పొడిపొడిగా ఉంది. ఇంటాయన మొహం వెలిగింది. తాతగారు మాత్రం తల అడ్డంగా ఊపారు. "కాలవలు కట్టేసి నెల దాటింది కదండీ, పొడిగానే ఉంటుంది. నీళ్ళు వదలనివ్వండి, అప్పుడు మాట్లాడుకుందాం."

మా వైపు వేసవిలో కాలువలకి నీళ్ళు ఆపేసి, మళ్ళీ తొలకరిలో సార్వా పంటకి వదులుతారు. ఆపేసిన రోజుల్లో పల్లపు ఇల్లు కూడా మెరక ఇల్లులాగే కనిపిస్తుంది. అందరూ ఇళ్ళు చూసేది ఆ సెలవుల్లోనే. అలా చూసి కొనుక్కుని, తర్వాత ఊట నీళ్ళలో కాపురం చేసినవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు.

"మరి మీ బేరం చెడదాండీ?" అన్నారు నాన్న.

"నా బేరం నేను చూసుకుంటానండీ గుమస్తాగారూ. నా ఇంట్లోంచి వెళ్ళి మీరు నీళ్ళల్లో పడితే నాకేం బావుంటుంది?" అని, నా వైపు తిరిగారు. "బుల్లెమ్మా, రోజూ వచ్చి ఈ గొయ్యి చూడు. చూసింది చూసినట్టు రాయి. నీకు కావలసింది రాయకు."

పాత నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. పొడి. పొడి. పొడి, ఒక కప్ప వచ్చి వెళ్ళింది. ఇంకెవరో బయానా పట్టుకొస్తున్నారని ఆ ఇంటాయన రోజూ కబురు పంపేవాడు. నాన్నకి అన్నం సయించేది కాదు. కాలువలు వదిలారు. నాలుగో రోజు గోతి అడుగు నల్లబడింది. పెన్సిలు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. పొడి అని రాస్తే గూడు వస్తుంది, చిరునామా వస్తుంది, ఇంటికి పుస్తకాలు వస్తాయి. ఏడుపొచ్చింది. తడి అని రాశాను. ఆరో రోజుకి చీలమండ లోతు నీళ్ళు.

అది అందరి ముందూ చదివాను. "పదేళ్ళ పిల్ల రాసింది చూసి ఇల్లు మానుకుంటారా?" అన్నాడు ఇంటాయన.

"పిల్ల రాసింది వదిలేయండి అన్నయ్యగారూ. గొయ్యి మీ పెరట్లోనే ఉంది కదా, మీరే చూసి చెప్పండి" అంది అమ్మ. ఆయన పెరటి వైపు కూడా తిరగలేదు. నాన్న నా భుజం మీద చెయ్యి వేసి బయటికి నడిచారు. ఆ చెయ్యి బరువు నాకింకా తెలుసు.

తాతగారు తన బేరాన్ని దసరా దాకా ఆపారు. అందుకు కొనేవాళ్ళు ధర తగ్గించారని మాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. మేం ఈసారి వానల్లోనే, బురదలో తిరిగి, మెరక వీధిలో చిన్న ఇల్లు చూశాం. సున్నం లేదు, కిటికీ లేదు, పెంకులు సగం పగిలి ఉన్నాయి. అక్కడ తవ్విన గోతిలో నిండిన వాననీళ్ళు మాత్రం మర్నాటికి ఇంకిపోయాయి. అదే కొన్నాం. గృహప్రవేశం అయిన మర్నాడు గ్రంథాలయానికి పరిగెత్తి, దరఖాస్తులో చిరునామా గడి దగ్గర మా ఇంటి నంబరు నా చేత్తో రాశాను. అంత అందమైన దస్తూరీ నాకు మళ్ళీ కుదరలేదు.

ఇదంతా చెబితే మా మనవరాలు, "మూడో అంతస్తులో గొయ్యెక్కడ తవ్వను?" అని నవ్వింది. వాన పడ్డాక వెళ్ళి సెల్లారు చూడమన్నాను. నిన్న వాన పడింది. సాయంత్రం వాట్సాప్‌లో ఒక్క ముక్క వచ్చింది: "తడి. అడ్వాన్సు ఆపాం."

నేను కోరుకున్నదీ, నా కళ్ళకి కనిపిస్తున్నదీ వేరైనప్పుడల్లా ఆ పెన్సిలు ఇప్పటికీ నా వేళ్ళ మధ్య ఉన్నట్టే ఉంటుంది. పౌరుషం దిగమింగి ఆగిన మా నాన్న సత్యం గారికి, కిటికీ పెట్టించుకోవడానికి మరో మూడేళ్ళు చీకట్లో మిషను తొక్కిన మా అమ్మ మంగతాయారుకి, చిరునామా చదివి "ఇంక పట్టుకెళ్ళమ్మా" అని మొదటి పుస్తకం చేతికిచ్చిన గ్రంథాలయం మేరీరత్నం గారికి, తనకి నష్టమని తెలిసీ గునపం అడిగిన మా తాతగారు సూరన్న గారికి నా నమస్కారాలు.